మందు ఇవ్వొచ్చు, చీటీ రాయకూడదు: మిడ్‌వైఫ్ దగ్గర ఆగిపోయిన చట్టం

మా ఆపాకి రెండో కాన్పు అయిన రాత్రి సంగతి ఇది. విశాఖలోనే ఒక ఆసుపత్రి. పేరు అవసరం లేదు, ఎందుకంటే ఇలా చాలా చోట్ల జరుగుతుంది. ప్రసవం బాగానే అయింది, పాప క్షేమం. తెల్లవారుజామున రెండు దాటాక ఆపాకి తలనొప్పి మొదలైంది. డ్యూటీలో ఉన్న సిస్టర్‌గారు వచ్చి బీపీ చూశారు. ఎక్కువగా ఉంది. ఇరవై ఏళ్లుగా లేబర్ రూమ్‌లో పనిచేస్తున్న మనిషి ఆవిడ. ఏ మాత్ర వేయాలో ఆవిడకి తెలుసు. వార్డులో చూస్తే ఆ మాత్ర అయిపోయింది. బయట మెడికల్ షాపు తెరిచే ఉంది. కానీ చీటీ కావాలి. "డాక్టరమ్మగారు థియేటర్‌లో ఉన్నారు బాబూ, ఆవిడ రాస్తేనే ఇస్తారు" అన్నారు సిస్టర్. అయినా ఖాళీ పెట్టెతో నేను షాపుకి పరిగెత్తాను. అతను ఇవ్వలేదు. అప్పుడు కోపం వచ్చింది గానీ, చట్టం ప్రకారం అతను చేసింది సరైన పనే.

గంటంపావు తర్వాత డాక్టరుగారు వచ్చారు, సిస్టర్ చెప్పిన మాత్రే రాశారు. అల్లా దయ వల్ల ఏమీ కాలేదు. కానీ ఆ గంటంపావు నా బుర్రలోంచి పోలేదు. తెలిసిన మనిషి మంచం పక్కనే ఉంది, మందు రోడ్డు అవతల ఉంది. మధ్యలో అడ్డం పడింది ఒక సంతకం.

దేశంలో మిడ్‌వైఫ్‌ల గురించి కొత్త చట్టం వచ్చింది. సిజేరియన్లు తగ్గాలంటే శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు పెరగాలని ప్రభుత్వాలు చెబుతున్నాయి. మరి వాళ్ల చేతికి ఆ సంతకం ఇస్తారా, ఇవ్వరా? ఆ ముక్క మాత్రం ఎవరూ సూటిగా చెప్పడం లేదు.

మూడు అధికారాలు, ఒకటి కాదు

మిడ్‌వైఫ్ అంటే మన నానీమాల కాలం నాటి దాయి కాదు. ఆ దాయిలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఈ ఊళ్లో పాత తరం సగం మంది వాళ్ల చేతుల్లోనే పుట్టి ఉంటారు. కానీ ఇప్పుడు మాట్లాడుతున్నది నర్సింగ్ చదివి, రిజిస్టర్ అయి, ఆ తర్వాత ప్రసవాల మీద ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్న మనిషి గురించి. తెలుగు నేల ఈ విషయంలో ముందే నడిచింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ కలిసి కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో వీళ్లకి పెట్టిన పేరు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ. ఇబ్బందుల్లేని గర్భిణులను వీళ్లే చూసుకోవాలి, ప్రమాద లక్షణం కనిపిస్తే డాక్టరుకి అప్పగించాలి. ఆలోచన అదీ.

ఇక మందుల సంగతి. అందరూ కలిపేసి మాట్లాడుతున్నారు గానీ, ఇందులో మూడు వేరు వేరు పనులు ఉన్నాయి. ఒకటి, మందు చేత్తో ఇవ్వడం. రెండు, ప్రభుత్వ స్టాకులోంచి తీసి పంచడం. మూడు, చీటీ రాయడం. మొదటి రెండింటికీ చట్టం తలుపు తెరిచింది. మూడోది మూసే ఉంది.

మొదటిది చూడండి. కేంద్రం 2010లో ఏఎన్ఎంలు, స్టాఫ్ నర్సుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రసవం అవగానే రక్తస్రావం ఎక్కువ కాకుండా ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ గానీ, మిసోప్రోస్టాల్ మాత్రలు గానీ వాళ్లే ఇవ్వొచ్చు. బీపీ పెరిగి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపొచ్చు. ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదటి డోసు కూడా. 2014లో ఇంకో అడుగు వేశారు. నెలలు నిండకుండా నొప్పులొస్తే, పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథాసోన్ మొదటి డోసు ఏఎన్ఎం ఇవ్వొచ్చన్నారు. ఇవి చిన్న మందులేం కాదు. మెగ్నీషియం సల్ఫేట్ డోసు తేడా వస్తే ఊపిరే ఆగిపోవచ్చు. అంటే ప్రభుత్వం వాళ్లని ఎప్పుడో నమ్మింది.

రెండోది పంచడం. మందుల అమ్మకాలకు 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ఉన్నాయి. వాటి చివర షెడ్యూల్ కె అని ఒక మినహాయింపుల జాబితా ఉంది. పీహెచ్‌సీ, సబ్‌సెంటర్, పట్టణ కుటుంబ సంక్షేమ కేంద్రాల్లో పనిచేసే నర్సులు, ఏఎన్ఎంలు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం కింద వచ్చిన మందులను లైసెన్సు లేకుండా పంచొచ్చని అందులో ఉంది. అంగన్‌వాడీ కార్యకర్తకి కూడా ఆ జాబితాలో చోటుంది. ఇక్కడ ఒక షరతు జాగ్రత్తగా గమనించాలి. ఆ మందు ప్రభుత్వం సరఫరా చేసిందై ఉండాలి. అల్మారాలో స్టాకు ఉన్నంతసేపే ఆవిడకి అధికారం. స్టాకు అయిపోయిన నిమిషం నుంచి అధికారం కూడా అయిపోయినట్టే. మా ఆపా విషయంలో జరిగిందదే.

మూడోది చీటీ. మీ ఇంట్లో ఏదైనా యాంటీబయాటిక్ స్ట్రిప్పు ఉంటే తిప్పి చూడండి. షెడ్యూల్ హెచ్ మందు అని, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ మీదే అమ్మాలని ఉంటుంది. గర్భిణులకు బీపీకి వాడే లాబెటలాల్, నిఫెడిపిన్ కూడా ఆ కోవలోవే. మిడ్‌వైఫ్ ఎంత చదివినా, ఎన్ని వేల కాన్పులు చేసినా, చట్టం కళ్లకి ఆవిడ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ కాదు.

ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియని విషయం ఒకటుంది. ఆ మాటని కుదిస్తే ఆర్ఎంపీ. మన ఊళ్లలో ఆర్ఎంపీ అంటే ఎవరు? ఎవరి దగ్గరో కాంపౌండరుగా చేసి, సైకిల్‌కో బండికో సంచి తగిలించుకుని, జ్వరానికీ నొప్పులకీ ఒకే రకంగా సూది వేసే పెద్దమనిషి. ఆయన రాసిన చిన్న కాగితానికి పల్లెల్లో షాపువాళ్లు మందులిచ్చేస్తారు. చట్టం పుస్తకంలోని ఆర్ఎంపీ ఒకరు, ఊళ్లోని ఆర్ఎంపీ ఇంకొకరు. ఈ ఇద్దరి మధ్యా అసలు శిక్షణ ఉన్న సిస్టరమ్మ మాత్రం పెన్ను పట్టుకోకూడదు.

కొత్త చట్టం ఏం మార్చింది

2023 ఆగస్టులో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో ఇది. కొత్త కమిషన్, దాని కింద చదువులకి ఒక బోర్డు, కాలేజీల తనిఖీకి ఒకటి, నైతిక ప్రమాణాలకీ రిజిస్ట్రేషన్‌కీ ఒకటి. జాతీయ రిజిస్టరు, రాష్ట్ర రిజిస్టర్లు. పేరులోనే మిడ్‌వైఫరీ అని ఉండటం చిన్న విషయం కాదు. మన ప్రాంతంలో మంత్రసానుల రిజిస్ట్రేషన్ 1926 నాటి మద్రాసు చట్టంతోనే మొదలైంది. దాదాపు వందేళ్లకి జాతీయ చట్టం పేరులోకి ఆ వృత్తి ఎక్కింది.

కానీ ఈ చట్టం వల్ల మిడ్‌వైఫ్ డ్రగ్స్ రూల్స్‌లో చెప్పిన మెడికల్ ప్రాక్టీషనర్ అయిపోదు. అది వేరే చట్టం, వేరే నిర్వచనం. రెండింటినీ కలిపే వంతెన ఇంకా కట్టాలి.

రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో ఇచ్చేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. అంత తేలిక కాదు. 1998లో సుప్రీంకోర్టు ముఖ్తియార్ చంద్ కేసులో తేల్చిన విషయం ఒకటుంది. ఏ వైద్యం చేసే హక్కు చట్టం ఇచ్చిందో, ఆ వైద్యం మందులు రాసే హక్కు దాని వెంటే వస్తుంది. హక్కు లేని చోట చీటీ కూడా లేదు. ఆ కేసు నర్సుల గురించి కాదు, అల్లోపతి మందులు రాస్తున్న దేశీయ వైద్యుల గురించి. మన యునానీ హకీం సాహెబ్‌లకి ఈ గొడవ బాగా తెలుసు. కాబట్టి ముందు మిడ్‌వైఫ్ సొంతంగా చేయగల పని ఏమిటో చట్టంలో రాయాలి, తర్వాత ఆ పనికి కావలసిన మందుల జాబితా.

ఇలాంటి దారి ఒకటి 2019లోనే తెరిచి పెట్టారు. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ పేరుతో మధ్య స్థాయి సిబ్బందికి పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చని, ప్రాథమిక వైద్యంలో కొన్ని నిర్దేశించిన మందులు వాళ్లు సొంతంగా రాయొచ్చని అందులో ఉంది. ఆ సెక్షన్ మీదే అప్పట్లో డాక్టర్లు దేశమంతా రోడ్డెక్కారు. అందులో మిడ్‌వైఫ్ పేరెత్తలేదు. కానీ డాక్టరు కాని మనిషి పరిమితంగా మందు రాయడం అనే ఆలోచనే మన చట్టానికి పరాయిదని ఇక ఎవరూ అనలేరు.

డాక్టర్ల భయం ఉత్తిది కాదు

నేను బీకాం చదివాను. నాకు ఈ విషయం బ్యాంకు చెక్కు లాగా అర్థమవుతుంది. స్టీల్‌ప్లాంటులో గానీ పోర్టులో గానీ ఏ అధికారి ఎంతవరకు సంతకం చేయొచ్చో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఇంత మొత్తం దాకా సెక్షన్ అధికారి, అది దాటితే పైవాడు. కింది అధికారికి అసలు సంతకమే లేదంటే పని ఆగుతుంది. హద్దు లేకుండా ఇస్తే ఖజానా ఖాళీ అవుతుంది. కాబట్టి ఇక్కడ కూడా సంతకం ఎంతవరకు అన్నదే తేల్చుకోవాలి.

డాక్టర్లు చెప్పే మొదటి అభ్యంతరం ఆక్సిటోసిన్. ప్రసవం తర్వాత ఇస్తే ఇది ప్రాణం కాపాడుతుంది. ప్రసవానికి ముందు, నొప్పులు త్వరగా రావాలని సెలైన్‌లో కలిపి ఎవరూ గమనించకుండా వదిలేస్తే గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డకి ఊపిరి అందకపోవచ్చు. ఒకే మందు, రెండు గడియారాలు. ఈ మందు దుర్వినియోగం ఆపాలని, ముఖ్యంగా పాడి పశువులకి వేస్తున్నారని, 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీల తయారీని నిషేధించి ఒక్క ప్రభుత్వ సంస్థకే అప్పజెప్పబోయింది. తల్లుల ప్రాణాల మీదకి వస్తుందని కేసు పడితే ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నోటిఫికేషన్‌ని కొట్టేసింది. అవసరమైన మందుని భయంతో కట్టేస్తే ఏమవుతుందో ఆ కేసు చూపించింది. వదిలేస్తే ఏమవుతుందో డాక్టర్లు చెబుతున్నారు. రెండూ నిజమే. అందుకే జాబితాలో మందు పేరు ఒక్కటే రాస్తే చాలదు, ఏ సమయంలో, ఏ పనికి అన్నది కూడా రాయాలి. ప్రసవానంతరం ఆక్సిటోసిన్ మిడ్‌వైఫ్ చేతిలో, నొప్పులు పెంచే డ్రిప్ డాక్టరు చేతిలో. ఈ గీత గీయడం కష్టం కాదు.

రెండో అభ్యంతరం చదువుల నాణ్యత. ఇది నాకు ఇంకా బలంగా కనిపిస్తుంది. గోడ మీద బోర్డు తప్ప సరైన ఆసుపత్రి లేని నర్సింగ్ కాలేజీలు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. సర్టిఫికెట్ ఉన్న ప్రతివారికీ పెన్ను ఇవ్వమని ఎవరూ అడగకూడదు. ఆస్ట్రేలియాలో 2010 నుంచి మిడ్‌వైఫ్‌లు మందులు రాస్తున్నారు, కానీ దానికి 5,000 గంటల పని అనుభవం, మందుల మీద విడిగా కోర్సు, రిజిస్టరులో ప్రత్యేక గుర్తింపు ఉండాలి. న్యూజిలాండ్ 1990లోనే ఇచ్చింది. బ్రిటన్‌ది ఇంకో పద్ధతి, నాకు నచ్చింది కూడా అదే. అక్కడ మందుల నిబంధనల్లో మిడ్‌వైఫ్‌ల కోసం ఒక మినహాయింపుల జాబితా ఉంది. తన వృత్తి పనిలో భాగంగా ఆ మందులను డాక్టరు చీటీ లేకుండానే మిడ్‌వైఫ్ ఇవ్వగలదు. జాబితా దాటి రాయాలంటే మళ్లీ చదివి వేరే అర్హత తెచ్చుకోవాలి. మన షెడ్యూల్ కె కూడా అలాంటి మినహాయింపే. కాకపోతే మనది స్టాకుకి కట్టేసిన మినహాయింపు, వాళ్లది అర్హతకి కట్టేసింది.

మూడోది బాధ్యత. తప్పు జరిగితే ఎవరిది? ఇప్పుడు రాత్రిపూట చాలాచోట్ల ఏం జరుగుతుందో ఆసుపత్రుల్లో తిరిగే వాళ్లకి తెలుసు. సిస్టర్ అవసరం చూసి మందు ఇచ్చేస్తుంది, పొద్దున డాక్టరు కేస్‌షీట్ మీద సంతకం పెడతారు. ఆడిటింగ్ చదివినవాడిగా చెబుతున్నా, ఖర్చయ్యాక ఓచరు రాయడం అంటే ఇదే. బాగా జరిగినంత కాలం ఎవరూ అడగరు. చెడు జరిగిన రోజు సిస్టర్ చేసింది అనధికారం, డాక్టరు సంతకం అబద్ధం. 1995 నుంచి డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుంది. అలాంటప్పుడు కుటుంబానికి కూడా నిజం తెలిసే దారి మూసుకుపోతుంది. మిడ్‌వైఫ్ తన పేరుతో, తన రిజిస్ట్రేషన్ నంబరుతో రాస్తే బాధ్యత పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఫోన్ ఉంది కదా అంటారు. నిజమే, 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాక ఈ-సంజీవని ద్వారా డాక్టరు దూరం నుంచే చీటీ పంపగలుగుతున్నారు. రక్తహీనతకి, మామూలు బీపీకి అది బాగా పనికొస్తుంది. పాడేరు పైన కొండల్లో సిగ్నల్ కోసం చెట్టెక్కే చోట, లేదా రక్తం ఆగకుండా పోతున్నప్పుడు కాదు. రక్తస్రావానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ కాన్పైన మూడు గంటల్లోపు ఇవ్వాలి. ఎంత ఆలస్యమైతే అంత ఫలితం తగ్గుతుంది. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 2 లక్షలకు పైగా ప్రసవాల మీద జరిగిన పరిశోధన 2023లో వెలువడింది. రక్తస్రావాన్ని త్వరగా కొలిచి, మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర పరిణామాలు 60 శాతం తగ్గాయి. ఆ మంచాల పక్కన నిలబడి ఈ పని చేసిన వాళ్లలో ఎక్కువ మంది మిడ్‌వైఫ్‌లే.

మన ఇళ్లకి ఇందులో ఏముంది

లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. 2018-20లో మాతృమరణాలు లక్ష కాన్పులకి 45, దేశ సగటు 97. అంటే ఆసుపత్రికి చేర్చే యుద్ధం దాదాపు గెలిచాం. చేరాక ఏం జరుగుతోందన్నదే ఇప్పటి సమస్య. అదే సర్వేలో సిజేరియన్లు 42.4 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6, ప్రైవేటులో 63. తెలంగాణ ప్రైవేటులో అయితే 81.5. దేశం మొత్తం మీద 21.5.

మిడ్‌వైఫ్‌కి చీటీ అధికారం ఇస్తే సిజేరియన్లు పడిపోతాయని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లని నమ్మొద్దు కూడా. కోతకి కారణాలు వేరు: బిల్లు, ముహూర్తాలు, భయం, డాక్టరు టైము. కానీ మామూలు కాన్పు కోసం పక్కన ఓపిగ్గా కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషికి ప్రతి మాత్రకీ ఇంకొకరి సంతకం కావాలంటే, ఆవిడ మిడ్‌వైఫ్ కాదు, పెద్ద పేరున్న సహాయకురాలు. అంతే.

ఇంకో సంగతి. షెడ్యూల్ కె ప్రభుత్వ కేంద్రాలకే. గాజువాక, మల్కాపురం, పాత నగరంలో మన కుటుంబాలు చాలా వరకు వెళ్లేది చిన్న ప్రైవేటు నర్సింగ్ హోములకి. అక్కడ ఒక్క డాక్టరు రెండు మూడు చోట్లకి తిరుగుతూ ఉంటారు. రాత్రి ఉండేది నర్సులే. సంస్కరణ వస్తే ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేస్తారా, వీటికీ వర్తింపజేస్తారా? ప్రైవేటు యజమాని చేతిలో పడితే తక్కువ జీతానికి మిడ్‌వైఫ్‌ని పెట్టి డాక్టరుని తీసేసే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మొదటి కొన్నేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో, రాసిన ప్రతి చీటీని నెలనెలా ఆడిట్ చేస్తూ మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

మన ఆడవాళ్ల విషయంలో ఇంకో కోణం ఉంది. వన్‌టౌన్‌లో ఆటో ఎక్కి విక్టోరియా ఆసుపత్రి అంటే అతను ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఘోషా ఆసుపత్రి అంటే నేరుగా తీసుకెళ్తాడు. ఘోషా అంటే పర్దా. పర్దా పాటించే స్త్రీలు మగ డాక్టరు దగ్గరకి రారని, వాళ్ల కోసం ఆడవాళ్లే వైద్యం చేసే ఆసుపత్రులు కట్టిన కాలం అది. మద్రాసులో 1885లో మొదలైన ఆసుపత్రిని కూడా జనం ఘోషా ఆసుపత్రి అనే పిలిచారు. ఆ రోజుల్లో చదువుకున్న ఆడమనిషి దొరకడమే కష్టం. ఇప్పుడు ప్రతి వార్డులో ఉన్నారు. కాన్పు తర్వాత పాలు గడ్డకట్టినా, కుట్ల దగ్గర చీము పట్టినా, మన ఇళ్లలో కోడళ్లు మగ డాక్టరుకి చెప్పడానికి సిగ్గుపడి సిస్టర్‌కే చెబుతారు. సిస్టర్ విని, అర్థం చేసుకుని, మళ్లీ డాక్టరుగారి కోసం లైన్‌లో నిలబడమంటుంది. చాలామంది నిలబడరు, ఇంటికి వచ్చేస్తారు.

సర్వే ప్రకారం రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. ఐరన్ మాత్రలు ఏఎన్ఎం ఇస్తుంది. అవి పడనివాళ్లకి వేరే రకం మార్చాలన్నా, ఇంజెక్షన్ ఐరన్ కావాలన్నా మళ్లీ చీటీ. ఎనిమిదో నెలలో రంజాన్ వచ్చిందనుకోండి, ఉపవాసం, మాత్రల వేళలు, నీరసం గురించి మన ఆడవాళ్లు ముందు అడిగేది కూడా ఈ సిస్టర్లనే.

కమిషన్ కొత్త నిబంధనలు రాసేటప్పుడు చూడాల్సింది నాలుగు మాటలే: మిడ్‌వైఫ్ సొంతంగా చేయగల పనుల జాబితా ఉందా, దానికి జతగా మందుల జాబితా ఉందా, డ్రగ్స్ రూల్స్‌లో దానికి తగ్గ సవరణ చేశారా, రాష్ట్ర రిజిస్టరులో ఆ అర్హత విడిగా కనిపిస్తుందా. ఈ నాలుగోది లేకపోతే మెడికల్ షాపతనికి ఏ సిస్టర్ చీటీ చెల్లుతుందో తెలియదు, మళ్లీ పాత కథే.

ఆపాకి ఇప్పుడు మూడో నెల. మొన్న చెకప్‌కి తీసుకెళ్తే పాత కేస్‌షీట్ అడిగారు. ఇంట్లో వెతికి ఇచ్చాను. బీపీ మాత్ర పక్కన డాక్టరుగారి సంతకం, టైము మూడున్నర అని ఉంది. సిస్టర్‌గారు మా దగ్గరకి వచ్చి బీపీ చూసిన రెండుంబావు గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు.